ఉపవాసం పట్టిన సైకిలు

పోయిన ఆదివారం తెల్లవారాక మా ప్రార్థన మందిరం తలుపులు తీసి వరండా ఊడుస్తున్నాను. గేటు దగ్గర టకటకటకమని చప్పుడైంది. తల ఎత్తకుండానే అదేమిటో తెలిసిపోయింది. సైకిలు వెనక చక్రం. ఎవరో తొక్కకుండా నడిపించుకుంటూ వస్తున్నారు.

వచ్చినవాడు పాతికేళ్ళ కుర్రాడు. నెత్తిన హెల్మెట్టు, ఒంటికి అతుక్కుపోయిన రంగు బట్టలు, మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఆంటీ, కొంచెం నీళ్ళు దొరుకుతాయా?"

విశాఖపట్నం నుంచి ఆరుగురు బయలుదేరారట. మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. నక్కపల్లి దాకా వెళ్ళి తిరిగి వస్తారట.

"నక్కపల్లిలో ఏం పని బాబూ?"

"పనేం లేదండీ. ఊరికే తొక్కడానికే."

నాకు నవ్వొచ్చింది. ఇదే ప్రశ్న, ఇదే జవాబు మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. తాగి, నేను సైకిలుకేసి చూడటం గమనించి, "ఎత్తి చూడండి ఆంటీ" అన్నాడు. ఎత్తాను. బియ్యం చేట ఎత్తినట్టుంది. ఏ భాగం ఎప్పుడు మార్చాడో, దేనివల్ల ఎన్ని గ్రాములు తగ్గిందో ముచ్చటగా చెప్పుకొచ్చాడు.

"మరి ఆ చక్రం అంత చప్పుడు చేస్తుందేం?"

"అది చాలా మంచి హబ్ అండీ. ఆ చప్పుడు కోసమే కొన్నాను."

చప్పుడు కోసం కొన్నాడట! మా చిన్నాన్న ఆ చప్పుడు నోరు మూయించబోయి ఎంత పని చేశాడో ఈ అబ్బాయికి చెబితే నమ్ముతాడా?

*

మా చిన్నాన్న బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర పనిచేసేవాడు. బెల్లం దిమ్మని చేత్తో ఎత్తి బరువు చెప్పేసేవాడు. తర్వాత కాటా కూడా ఆ మాటే చెప్పేది. సీజనులో ఆయన చొక్కాకి ఎప్పుడూ పాకం వాసన. జేబులో గోతాలు కుట్టే పురికొస ఉండ. ఆ జేబులో చెయ్యి పెడితే పురికొసకి అంటుకున్న బెల్లం పొడి వేళ్ళకి తగిలేది. నేను వేళ్ళు నాకేసి ఏమీ ఎరగనట్టు నిలబడేదాన్ని.

ఆయనకి పెళ్ళి లేదు. సిగరెట్టు లేదు, సినిమా లేదు. ఉన్నవి రెండే, మందిరం, సైకిలు. బైబిలు వాక్యం చదవకుండా పొద్దున్న నీళ్ళయినా తాగేవాడు కాదు, సైకిలు తుడవకుండా రాత్రి పడుకునేవాడు కాదు. కొబ్బరినూనె, కిరసనాయిలు కలిపిన గుడ్డతో చక్రాల్లో ఒక్కొక్క పుల్లా తుడుస్తుంటే నేను పక్కన కూర్చుని దీపం పట్టుకునేదాన్ని. ఆ వాసన నాకు అత్తరు కంటే ఎక్కువ.

శనివారాలు కాటా మూసిన మధ్యాహ్నం ఆయన విశాఖపట్నం పోర్టు దగ్గర పాత సామాను కొట్లకి తొక్కుకుంటూ వెళ్ళేవాడు. ఓడల్లో వచ్చిన విదేశాల వాళ్ళు వదిలేసిన సైకిలు భాగాలు అక్కడ దొరికేవి. ఒకసారి అల్యూమినియం హ్యాండిలు తెచ్చాడు. ఇంకోసారి సన్నటి తోలు సీటు. ఊళ్ళో అందరివీ ఒకే నల్లరంగు సైకిళ్ళయితే, మా చిన్నాన్నది నాలుగు దేశాలు కలిసి చేసిన సైకిలు.

సెలవు దొరికితే తెల్లారే అంబలి తాగి బయలుదేరి పాయకరావుపేట వెళ్ళి, అక్కడ ఒక టీ తాగి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి వచ్చేవాడు.

"ఎందుకెళ్ళేవురా?" అనేది మా మామ్మ, ఆయన తల్లి.

"టీకమ్మా."

"ఈ ఊర్లో టీ లేదేట్రా? ఆ టీలో ఏటి ఏస్తారు, బంగారమా?"

"తొక్కడానికే ఎల్లేనమ్మా. ఏ పనీ లేదు."

"పని లేకపోతే పడుకోవాలి గానీ పాయకరావుపేట ఎల్తారేట్రా ఎవులైనా!"

అలా తిట్టిన మామ్మే పొరుగు వాళ్ళ దగ్గర గొప్పలు పోయేది. "మావోడు ఇక్కడ అంబలి తాగితే అది అరిగేలోపు తుని పొలిమేరలో ఉంటాడు" అని.

*

ఆ సంవత్సరం శ్రమకాలం మొదలయ్యే ముందు చిన్నాన్న అన్నింటికంటే గొప్ప వస్తువు తెచ్చాడు. చిన్నా పెద్దా అయిదు పళ్ళచక్రాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చిన ఫ్రీవీలు, దాంతోపాటు గేరు. గొలుసు ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దానంతటది గెంతడం చూసి మా వీధి వీధంతా నోరు తెరిచింది.

గేరు వచ్చాక ఆయనకి బరువు పిచ్చి పట్టింది. మా సంఘంలో పునరుత్థాన పండుగకి, అంటే ఈస్టరుకి, ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఒక్కొక్కరూ ఒక్కొక్కటి మానేసేవారు. మాంసం కొందరు, టీ కొందరు. చిన్నాన్న ఎలాగూ మాంసం మానేశాడు. సైకిలు చేత కూడా ఉపవాసం పట్టించాడు. మొదటి వారం చెయిన్ కవరు ఊడదీశాడు. రెండో వారం స్టాండు. మూడో వారం మడ్డుగార్డులు. నాలుగో వారం డైనమో, లైటు. తీసినదల్లా మార్కెట్టుకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టి, బరువు సుద్దముక్కతో మా ఇంటి గోడ మీద రాసి మరీ కొక్కానికి తగిలించేవాడు.

పాస్టరు అయ్యగారు ఆ గోడ చూసి నవ్వారు. "ఏమయ్యా, నీకంటే నీ సైకిలు భక్తి గలదిలా ఉందే" అన్నారు.

అయిదో వారం క్యారియరు ఊడదీస్తుంటే మాత్రం మామ్మ బయటికి వచ్చింది. ఆ క్యారియరు మా తాతయ్యది. పాత గానుగ తాలూకు ఇనప బద్దలతో దగ్గరుండి కమ్మరి చేత చేయించుకున్నది. చెదరదు, వంగదు. కాటా మీద నాలుగు కిలోలు తూగింది.

"అది తీసేత్తే నేనెక్కడ కూకోవాల్రా?" అంది మామ్మ.

"పండగ ముందు రోజు మళ్ళీ బిగించేత్తానమ్మా."

"బండి బరువు తగ్గితే ఏటొచ్చింది? కూకునేదాన్ని నేను తగ్గాలి గానీ."

నిజానికి మామ్మ అప్పటికే చాలా తగ్గిపోయింది. సంక్రాంతి ముందు పట్టిన జ్వరం వదిలినా కాళ్ళలో నీరు పోలేదు. నాలుగు అడుగులేస్తే ఆయాసం. నడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మామ్మకి ఒక్కటే బెంగ. పునరుత్థాన పండుగ తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటలో చేరుతుంది. సూర్యుడు పైకి రాగానే తాతయ్య సమాధి పక్కన నిలబడి మొదటి పాట మామ్మే ఎత్తుకోవాలి. తాతయ్య పోయిన ఏడు నుంచి అది ఆవిడ పని. ఆవిడ ఎత్తుకున్నాకే మిగతావాళ్ళు అందుకుంటారు. సమాధుల తోటకి పొలం గట్టే దారి. రిక్షా వెళ్ళదు. వెళితే చిన్నాన్న సైకిలు క్యారియరు మీదే వెళ్ళాలి.

"వచ్చే ఏడు దాకా ఉంటానో లేదో. ఈసారి మట్టుకు నన్ను మీ తాత కాడికి అట్టుకెల్లిపోమని మీ సిన్నాన్నకి నువ్వు కూడా సెప్పే గుంటా" అని నాతో రోజూ అనేది.

*

గేరుతోపాటు ఒక చిక్కు వచ్చింది. ఆ ఫ్రీవీలు చప్పుడు. మామూలు సైకిలు చిన్నగా టిక్కుటిక్కుమంటుంది. ఇది మందిరం వరండాలోకి వస్తే రేకు మీద జొన్నలు పోసినట్టుండేది. ఆలస్యంగా వచ్చే అలవాటు ఒకటి చిన్నాన్నకి. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడే టకటకటకమని వచ్చేవాడు. పిల్లలం కిసుక్కుమనేవాళ్ళం. సంఘ పెద్దలకి కోపం వచ్చింది. "శుభ శుక్రవారం నాడు మూడు గంటలు మౌనంగా కూర్చుంటాం. ఆ రోజు కూడా ఇదే మోతా?" అన్నారు.

చిన్నాన్న నొచ్చుకున్నాడు. దేవుని సన్నిధిలో తన సైకిలు వల్ల అల్లరి కావడం ఆయన భరించలేడు. మా ఇంటి వెనక చెరకు రైతు ఒకాయన ఉండేవాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు, బావా బావా అనుకునేవారు. చిన్నాన్న ఆయన గానుగ దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను, బెల్లం వండే పెనం దగ్గర వేడి పాకం దొరుకుతుందని. ఆకు మీద పోసిన పాకం ఊదుకుని నాకుతూ వాళ్ళ మాటలు విన్నాను.

"బావా, దీని నోరు మూయించాల. ఏదైనా మందుందా?"

"గానుగ పళ్ళకి పూసే గ్రీజుంది. అది ఎట్టి సూడు. నా గానుగే మాటాడదు, నీ సైకిలెంత!"

ఫ్రీవీలు లోపల ఏముంటుందో ఆ రోజే చూశాను. విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. "రెండు నాలికలున్నాయి సూడు. ఎనక్కి తిప్పితే మాటాడతాయి. ముందుకి తొక్కితే పళ్ళని పట్టుకుని సక్రాన్ని లాగుతాయి." ఆ నాలికల మధ్య నల్లటి జిగురు గ్రీజు దట్టంగా కూరి మళ్ళీ బిగించాడు.

శుభ శుక్రవారం నాడు సైకిలు పిల్లిలా వచ్చింది. పెద్దలు వెనక్కి తిరిగి చూసి తల ఊపారు. చిన్నాన్న ముఖం వెలిగిపోయింది.

*

పండుగ తెల్లవారుజామున చిన్నాన్నకి ఇంకో పని ఉండేది. మా సంఘం వాళ్ళు కొండకర్ల దారిలో నాలుగు పేటల్లో చెదిరి ఉండేవారు. గడియారాలు తక్కువ. చీకటితో బయలుదేరి ఇంటింటి ముందూ బెల్లు కొట్టి లేపేది ఆయనే. అన్నీ ఊడదీసినా ఆ బెల్లు మాత్రం ముట్టుకోలేదు. "అది నాది కాదు, సంఘానిది" అనేవాడు.

ఆ సంవత్సరం సైకిలుకి లైటు లేదు కదా. "గుంటని తీసుకెల్లు. లాంతరట్టుకుంటాది" అంది మామ్మ. తెల్లగౌను, రెండు జడలకి కొత్త నైలాను రిబ్బన్లు, చేతిలో లాంతరు. అలా ముందు గొట్టం మీద కూర్చున్నాను. వెనక తాతయ్య క్యారియరు శనివారమే బిగించేశాడు.

మంచు పడుతోంది. పొలాల మీంచి కాల్చిన చెరకు ఆకు వాసన. చిన్నాన్న గేరు మారుస్తుంటే సైకిలు గాలిలో పోతున్నట్టుంది. బెల్లు మోగగానే ఇళ్ళలో దీపాలు ఒకటొకటిగా వెలిగేవి. "లేచేమయ్యా, లేచేం!" అని లోపల్నుంచి కేకలు. ఆ వేళ ప్రపంచంలో మా చిన్నాన్నని మించినవాడు లేడనిపించింది. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

చివరి పేటలో చివరి ఇంటి ముందు బెల్లు కొట్టి సైకిలు తిప్పాడు. పెడలు తొక్కాడు. పెడలు గిర్రున తిరిగింది. సైకిలు కదల్లేదు. మళ్ళీ తొక్కాడు. రాట్నంలా తిరుగుతోంది గాని చక్రానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఏటైంది సిన్నాన్నా?"

లాంతరు వెలుగులో వంగి చూశాడు.

"నోరు మూయించేను కదే. మంచుకి గ్రీజు బిగిసి నాలికలు రెండూ అందులో అతుక్కుపోనాయి. ఇంక పళ్ళని పట్టుకోవు."

దారి మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ప్రార్థన చేస్తున్నాడో, ఆలోచిస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకి ఆ రెండూ వేరు కావని పెద్దయ్యాక తెలిసింది. ఇంటి దగ్గర మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంటుంది. అక్కడికి పరుగెత్తినా సమయానికి చేరలేం.

ఉన్నట్టుండి లేచి జేబులోంచి పురికొస ఉండ తీశాడు. అన్నింటికంటే పెద్ద పళ్ళచక్రాన్ని వెనక చక్రం పుల్లలకి చుట్టి చుట్టి కట్టాడు. పురికొస చాల్లేదు.

"నీ రిబ్బన్లియ్యే."

పండుగ రిబ్బన్లు. ఒక్క క్షణం తల పట్టుకున్నాను. తర్వాత విప్పి ఇచ్చేశాను.

"ఇప్పుడు సక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతాది. నేను కాలు ఆపకూడదు. ఆపితే గొలుసెల్లి గేరుని ఇరిసేత్తాది" అన్నాడు.

ఆ ప్రయాణం ఏం చెప్పను! ఎత్తు మీద సరే. కాలువ వంతెన దిగుతుంటే ఆయన కాళ్ళు కుట్టుమిషనులా ఆడుతున్నాయి. రెండు బ్రేకులూ నొక్కుతూ, ఆయాసపడుతూ, మధ్యలో స్తోత్రం చెప్పుకుంటూ తొక్కాడు. నాకు నవ్వాగలేదు. "నవ్వకే గుంటా, నవ్వితే బండి ఊగుద్ది!" అని అరిచాడు. లాంతరు ఆరిపోయింది.

*

మామ్మ తెల్లచీర కట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"సూరీడొచ్చేక వద్దామనుకున్నావేట్రా?"

చిన్నాన్న జరిగింది చెప్పాడు. తాడు ఎంతసేపు ఆగుతుందో తెలియదన్నాడు. మామ్మ క్యారియరు తడిమి చూసుకుని ఎక్కి పక్కకి కూర్చుంది. "ఇది మీ నాన్న సేయించింది. ఇది ఆగుద్ది. పద బేగి" అంది.

బరువు ఒక్కసారిగా పడితే తాడు తెగుతుంది. అందుకని వెనక నుంచి నన్ను తొయ్యమన్నాడు. రెండు చేతులూ క్యారియరుకి ఆనించి, చెప్పుల్లేకుండా గట్టు మీద పరుగెత్తాను. జడలు ఊడిపోయాయి. తూర్పున ఆకాశం బూడిదరంగు తిరిగింది.

సమాధుల తోట ఒక చిన్న మిట్ట మీద ఉంటుంది. మిట్ట మొదట్లో పటుక్కుమని వినబడింది. పురికొస తెగింది, రిబ్బన్లు చక్రానికి చుట్టుకున్నాయి. పెడలు మళ్ళీ గిర్రున తిరిగింది.

వాక్యంలో, ప్రభువు లేచిన రోజు తెల్లవారుజామున ఆయన సమాధి దగ్గరికి బయలుదేరిన స్త్రీలు, ఆ రాయి మన కోసం ఎవరు దొర్లిస్తారని దారిలో దిగులుపడ్డారు. మా మామ్మ ముఖంలో ఆ దిగులు చూశాను. "దింపేయ్, నడుత్తాను" అంది. "వొద్దమ్మా" అన్నాడు చిన్నాన్న.

అప్పుడు వెనక నుంచి కొవ్వొత్తులు వచ్చాయి. పొలాలకి అడ్డంగా పడి వస్తున్న నాలుగు పేటల వాళ్ళు. గంట క్రితం చిన్నాన్న బెల్లు కొట్టి లేపినవాళ్ళే. విషయం తెలిసి ఇద్దరు క్యారియరు పట్టుకున్నారు, ముగ్గురు సీటు పట్టుకున్నారు. చెరకు తోటకి నీళ్ళు కట్టడానికి వచ్చిన బావ కూడా పార పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"మా పండగ నీకెందుకు బావా, నీ పని సూసుకో" అన్నాడు చిన్నాన్న.

"గ్రీజు నాది కాదేటి? నానూ తోత్తాను, జరుగు!"

అందరూ ఒకేసారి తోశారు. ఒకరి అడుగు ఒకరికి కలవక సైకిలు పాములా వంకర్లు పోయింది. మామ్మ జారబోయి చిన్నాన్న చొక్కా పట్టుకుంది. ఆగారు. మళ్ళీ తోశారు. మళ్ళీ వంకరే. తూర్పు ఎర్రబడిపోతోంది.

మామ్మ పాట ఎత్తుకుంది.

సూర్యుడు రాకుండా, సమాధి దగ్గరికి చేరకుండా ఎప్పుడూ ఎత్తుకోని పాట. క్యారియరు మీద కూర్చునే ఎత్తుకుంది. ఒక్కొక్క మాటకీ ఆయాసం. కానీ తాళం తప్పలేదు. తోసేవాళ్ళ అడుగులు ఆ తాళానికి పడ్డాయి. సైకిలు తిన్నగా నడిచింది. మేమందరం పాట అందుకున్నాం. పాట రాని బావ హుం హుం అంటూ తోశాడు. పైన సున్నం వాసన కొట్టే సమాధుల మధ్య నిలబడి గడియారం చూసుకుంటున్న అయ్యగారు కింద నుంచి పైకొస్తున్న పాట విని, చేతిలో గ్రంథం మూసి, కిందికి ఎదురొచ్చి తానూ ఒక చెయ్యి వేశారు.

తాతయ్య సమాధి దగ్గర సైకిలు ఆగాక సూర్యుడు వచ్చాడు. అప్పటికి మామ్మకి ఊపిరి మిగల్లేదు. పాట మేమే ముగించాం. ఆవిడ దిగి, కొత్తగా సున్నం వేసిన రాయి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. చిన్నాన్న తల వంచుకుని పక్కకి వచ్చాడు.

"క్షమించమ్మా. నా పిచ్చి వల్ల నీకు ఇక్కడ పాట లేకుండా పోనాది."

మామ్మ సున్నం అంటిన చేత్తో ఆయన గడ్డం పట్టుకుంది.

"నీ బండి మంచిదేరా. ఇంతమందిని మీ నాన్న కాడికి తెచ్చింది."

*

ఆ మధ్యాహ్నమే చిన్నాన్న ఫ్రీవీలు విప్పి కిరసనాయిల్లో కడిగాడు. తర్వాతి ఆదివారం ప్రార్థన మధ్యలో టకటకటకమని వచ్చాడు. పెద్దాయన ఒకరు కళ్ళు తెరవబోతే, "దాన్ని మాట్లాడనివ్వండి" అన్నారు అయ్యగారు.

మామ్మకి అదే ఆఖరి పండుగ. తర్వాతి ముప్పై ఏళ్ళలో చిన్నాన్న ఆ సైకిలుకి బెల్లు, క్యారియరు తప్ప మార్చని భాగం లేదు. చక్రాలు, బ్రేకులు, గేర్లు, ఆఖరికి ఫ్రేము కూడా మార్చాడు. ప్రతి శ్రమకాలంలోనూ ఏదో ఒకటి ఊడదీసి కాటా వేసేవాడు. ఆయన ప్రభువునందు నిద్రించాక సైకిలుని మందిరం వరండాలో గోడకి ఆనించి ఉంచాం. బెల్లు సంఘానిది కదా.

నీళ్ళు తాగిన ఆ కుర్రాడు వెళ్ళి దాని ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క భాగం ముట్టుకుని చూస్తూ, ఇది ఇటలీది, ఇది జపానుది అని తనలో తాను చెప్పుకుంటున్నాడు. వెనక చక్రం చేత్తో తిప్పాడు. నాలికలు టకటకమని మాట్లాడాయి.

"ఎవరిదండీ ఇది? ఎంత శ్రద్ధగా కట్టుకున్నారు! ఇంత మంచి బండికి ఈ ఇనప క్యారియరేంటండీ? తీసేస్తే ఎంత తేలికైపోయేది!"

"నాలుగు కిలోలు బాబూ" అన్నాను. "మా చిన్నాన్న కాటా వేసి చూశాకే మళ్ళీ బిగించాడు."